వర్ణయోజన: తెరమీది రంగు, కాగితముమీది రంగు



మన భాషలో వర్ణమను మాటకు రంగు అని ఒక అర్థము, అక్షరము అని మరియొక అర్థము. ఈ రెండర్థములును ఒక్కచోట కలిసికొను స్థలములు నేడు ప్రతి గ్రామమునందును కలవు. పెండ్లి పత్రిక, జాతర ప్రకటన, దుకాణపు పేరుపలక, పాఠశాల గోడమీది సూచన, కూడలిలో కట్టు ఫ్లెక్సీ: వీనిలో అక్షరమును రంగును విడదీయరాదు. రంగు కుదిరినచో అక్షరము పలుకును. కుదరనిచో అక్షరము మూగపోవును.

పూర్వము పేరుపలక వ్రాయువాడు రంగు కలిపి, మన కన్నులయెదుటనే కుంచెతో రేకుమీద పూసెడివాడు. అతడు పూసిన రంగే మనకు దక్కెడి రంగు. నేడట్లు కాదు. నవాబుపేటనుండి శంకరపల్లికో, వికారాబాదునకో, తాండూరునకో పోయి, అచ్చు దుకాణములో కంప్యూటరు ముందు కూర్చున్న పిల్లవానికి విషయము చెప్పుదుము. అతడు కొంతసేపటిలో బొమ్మ కట్టి, "తాతా, ఈ రంగు మంచిగున్నదా?" అని తెరను మనవైపు త్రిప్పును. తెరమీద అది దీపమువలె వెలుగుచుండును. సరే అందుము, బయానా ఇత్తుము. మరునాడు చేతికి వచ్చిన పత్రికలో కుంకుమ ఎరుపు ఇటుకపొడి రంగుగాను, చిలుకపచ్చ నాచురంగుగాను మారియుండును. ముహూర్తము దగ్గరపడినది, మరల అచ్చువేయించుటకు ధనమును లేదు, దినములును లేవు. దుకాణమువాడు మోసగించెనని మనమును, మీరే సరే అంటిరి గదా అని అతడును వాదులాడుకొందుము.

పెక్కు సందర్భములలో ఇద్దరియందును దోషము లేదు. తెరకును కాగితమునకును గల స్వభావభేదమును పనికి ముందుగా చెప్పుకొనకపోవుటయే దోషము. ఆ భేదమెట్టిదో, దానిని తెలిసికొని రంగునెట్లు ఎన్నుకొనవలెనో, ఎన్నుకొన్న రంగును కంప్యూటరులో ఎట్లు పూయుదురో నేడు వివరించెదను.

ఈ భేదమును చెప్పుటకు తగిన మాటలు మన పాత చదువులోనే కలవు. తర్కశాస్త్రమున బాలురకు మొదట చెప్పు గ్రంథము తర్కసంగ్రహము; దానిని రచించిన అన్నంభట్టు ఆంధ్రుడని ప్రసిద్ధి. అందు రూపమనగా కంటికి మాత్రమే తెలియు గుణమనియు, అది ఏడు విధములనియు చెప్పబడినది: తెలుపు, నీలము, పసుపు, ఎరుపు, ఆకుపచ్చ, కపిశము, చిత్రము. అంతటితో విడువక, తెలుపును మరల రెండుగా విభజించెను. తేజస్సునందుండునది భాస్వరమైన తెలుపు, అనగా తానే ప్రకాశించునది. నీటియందుండునది అభాస్వరమైన తెలుపు, అనగా తనకు ప్రకాశము లేనిది. అన్నంభట్టు కంప్యూటరును ఊహించెనని నేననుట లేదు. ఆయన మాటలు మన పనికి చక్కగా సరిపోవుచున్నవి. తెరమీది తెలుపు భాస్వరము. కాగితముమీది తెలుపు అభాస్వరము. చీకటిగదిలో ఫోను తెర తెల్లగా వెలుగును. అదే గదిలో తెల్లకాగితము కనబడనే కనబడదు. రెండింటికిని ఒకే పేరున్నను అవి ఒకే వస్తువు కావు.

తెరమీది వెలుగు ఎట్లు పుట్టునో చూతము. ఫోను తెరమీద చిన్న నీటితుంపర పడినప్పుడు పరికింపుడు. ఆ చుక్క భూతద్దమై, దాని క్రింద ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు రంగుల మినుకులు కనబడును. తెరయంతయు ఈ మూడు దీపముల సముదాయమే. తెల్లని సూర్యకాంతిలో రంగులన్నియు ఇమిడియున్నవని న్యూటను పండితుడు గాజుపట్టకముతో నిరూపించి, 1704లో గ్రంథముగా ప్రకటించెను. మూడు రంగుల వెలుగులను తగుపాళ్ళలో కలిపి తక్కిన రంగులను కంటికి తోపింపవచ్చునని మాక్స్‌వెల్ పండితుడు 1861లో లండనునందు ఒక రంగు ఛాయాచిత్రముతో చూపించెను. కంప్యూటరు ఆ మార్గమునే పట్టినది.

ఇందు ఒక్కొక్క దీపమునకు సున్న మొదలు 255 వరకు, మొత్తము 256 మెట్లు కలవు. 256ను 256 చేత గుణించి, మరల 256 చేత గుణించినచో 1,67,77,216 అగును. తర్కములోని ఏడు రూపములు ఇచ్చట కోటిన్నరను మించినవి. మూడు దీపములును సున్న అయినచో నలుపు. మూడును 255 అయినచో తెలుపు. ఎరుపు 255, ఆకుపచ్చ 255, నీలము సున్న అయినచో పసుపు. ఎరుపును ఆకుపచ్చయు కలిసి పసుపగుట రంగుపొడులు కలిపిన చేతులకు వింతగా తోచును. కాని వెలుగులు కూడినకొలది తెలుపువైపునకు పోవును; పొడులు కూడినకొలది నలుపువైపునకు పోవును. ఈ ఒక్క సూత్రము గుర్తున్నచో తక్కినది సులభము.

అచ్చుయంత్రములో నాలుగు సిరాలుండును. ఆకాశనీలమును బోలినది సియాను, గులాబియు ఊదాయు కలిసినట్లుండునది మెజెంటా, మూడవది పసుపు, నాలుగవది నలుపు. కాగితముమీద పడిన తెల్లని వెలుగులో సియాను ఎరుపును మ్రింగును. మెజెంటా ఆకుపచ్చను మ్రింగును. పసుపు నీలమును మ్రింగును. మ్రింగగా మిగిలిన వెలుగు మన కంటికి వచ్చును. మీ ఇంటనున్న వార్తాపత్రికలోని రంగుబొమ్మపై భూతద్దము పెట్టి చూచినచో ఈ నాలుగు రంగుల చుక్కలే కనబడును. తెర వెలుగును ఇచ్చునది. సిరా వెలుగును మ్రింగునది. కావున తెరమీద మిరుమిట్లుగొలుపు కొన్ని రంగులను సిరా ఎన్నటికిని అందుకొనలేదు. మెరిసెడి చిలుకపచ్చ, నిప్పువంటి నారింజ, నెమలికంఠపు నీలము ఈ జాతివి. ముదురు నీలము కాగితముపై వంకాయ రంగునకు తిరుగుట తరచుగా జరుగును. సియాను, మెజెంటా రెండును నిండుగా పడుటయే దానికి కారణము. మెజెంటాను నూటికి 70 పాళ్ళకు తగ్గించినచో నీలము నీలముగా నిలుచును.

అచ్చు దుకాణములలో కోరల్‌డ్రా, ఫొటోషాపు అను ఉపకరణములు విశేషముగా వాడుకలోనున్నవి. ఇంక్‌స్కేప్, గింప్ అనునవి ఉచితముగా దొరకును. క్రొత్త పని మొదలుపెట్టునప్పుడు ఈ పని మూడు వెలుగుల పద్ధతినా, నాలుగు సిరాల పద్ధతినా అని నిర్ణయించుకొనవలెను. మొదటిదానిని ఆర్జీబీ అనియు, రెండవదానిని సీఎమ్‌వైకే అనియు వారు పిలుతురు. ఫోనులలో పంపుటకు మాత్రమే అయినచో మొదటిది చాలును. కాగితముమీద అచ్చు వేయుటకైనచో రెండవదానినే దృష్టియందుంచుకొని రంగులెన్నుకొనవలెను. మొదటి పద్ధతిలో బొమ్మ కట్టి, మనచేత సరే అనిపించుకొని, చివర రెండవదానికి మార్చినచో, మనము ఒప్పుకొన్న రంగు ఒకటి, అచ్చునకు పోయిన రంగు మరియొకటి అగును. నేడు నమూనాను వాట్సాపులో పంపుట వాడుకయైనది. అది అక్షరదోషములు దిద్దుకొనుటకు మిక్కిలి ఉపయోగకరము. రంగునకు మాత్రము సాక్ష్యము కాదు. ఒకే బొమ్మ మీ ఫోనులో ఒక తీరుగను, మీ మనుమని ఫోనులో ఒక తీరుగను ఉండుట మీరెరిగినదే.

ఇంకొక మాయ కంటిలోనే కలదు. పారిసు నగరమున గోబెలిన్ అను ప్రసిద్ధమైన చిత్రకంబళముల కార్ఖానాలో అద్దకపు శాఖకు షెవ్రెల్ అను రసాయన పండితుడు అధికారిగా నుండెను. నలుపు దారము నల్లగా లేదని నేతవారు ఫిర్యాదు చేసిరి. ఆయన పరీక్షింపగా అద్దకములో లోపము కనబడలేదు. ప్రక్కనున్న రంగుల ప్రభావమున నలుపు వెలిసినట్లు కంటికి తోచుచుండెను. ఈ విచారణఫలమును 1839లో ఆయన గొప్ప గ్రంథముగా వెలువరించెను. మన తాండూరు బండలయందును ఇది చూడవచ్చును. బూడిదవన్నె కలిసిన నీలిబండను తెల్లగోడ ప్రక్కన చూచుటకంటె పసుపుబండ ప్రక్కన చూచినచో అది మరింత నీలముగా తోచును. రాయి మారలేదు, పొరుగు మారినది. కావున రంగును విడిగా చూచి మెచ్చుకొనరాదు. అది ఏ రంగు ప్రక్కన నిలువబోవుచున్నదో అచ్చట పెట్టి చూడవలెను.

ఇక రంగుల పేర్లను గూర్చి ఒక మాట. మన వాడుకలో పచ్చ అనగా పసుపును అగును, ఆకుపచ్చయు అగును. పచ్చని మేనిచాయ అనినప్పుడు ఒకటి, పచ్చని చేను అనినప్పుడు మరియొకటి. సంస్కృతమున నీలశబ్దము నల్లనిదానికిని చెల్లును. ఒక పెద్దమనిషి "పచ్చ రంగు పెట్టు" అనినచో దుకాణపు పిల్లవాడు దేనిని పెట్టవలెను? పేరు సందిగ్ధమైనచోట అంకె నిస్సందేహము. మన జాతీయపతాకమే ఇందుకు నిదర్శనము. 1921లో బెజవాడయందు పింగళి వెంకయ్యగారు గాంధీమహాత్మునకు జెండా నమూనాను సమర్పించిన సంగతి మీరెరుగుదురు. 1947 జూలై 22న రాజ్యాంగసభ నేటి పతాకమును అంగీకరించినప్పుడు పై పట్టెను ముదురు కాషాయమని మాటలతో చెప్పిరి. కాని దేశములోని నేతగాండ్రందరును ఒకే కాషాయమును అద్దవలెనన్నచో మాట చాలదు. అందుచేత 1951లో భారత ప్రమాణముల సంస్థ పతాకమునకు ప్రమాణపత్రము వెలువరించి రంగులను కొలతలతో నిర్ణయించెను. ఆ పత్రమునకు ఒకటవ సంఖ్య నిచ్చిరి. దేశపు జెండాకు పనికివచ్చిన పద్ధతి మన దుకాణపు పలకకును పనికివచ్చును. మీకు నచ్చిన రంగు అచ్చులో ఒకసారి కుదిరినచో, నాలుగు సిరాల పాళ్ళను కాగితముమీద వ్రాయించుకొని దాచుకొనుడు. వచ్చు సంవత్సరము ఆ అంకెలు చెప్పినచో వాదమునకు తావు తగ్గును.

రంగును పూయు విధానము సులభమే. కోరల్‌డ్రాలో ఆకారమును ఎన్నుకొని, తెర కుడి అంచునందు నిలువుగా నున్న రంగుగడులలో ఒకదానిపై మౌసు ఎడమ మీటను నొక్కినచో లోపల రంగు నిండును. కుడిమీటను నొక్కినచో అంచుగీతకు రంగు వచ్చును. గడులలో లేని రంగు కావలెనన్నచో మూడు గుణములను సవరింతురు. మొదటిది వన్నె, అనగా ఎరుపా పసుపా నీలమా అను జాతి. రెండవది చిక్కదనము, ఇది తగ్గినకొలది రంగు ఉతికిన బట్టవలె వెలిసిపోవును. మూడవది వెలుగు, ఇది తగ్గినకొలది సాయంకాలమువలె చీకటి క్రమ్మును. అనుభవము లేనివారు వన్నెను మార్చి మార్చి అలసిపోవుదురు. తరచుగా మార్చవలసినది వన్నె కాదు, వెలుగు.

ఏలయనగా చదువుటకు ఆధారము వన్నెల భేదము కాదు, వెలుగుల భేదము. మన కంటికి మూడు దీపములును సమానముగా వెలుగవు. తెలుపు వెలుగును నూరు పాళ్ళుగా తీసికొన్నచో అందు ఆకుపచ్చ వాటా సుమారు 72, ఎరుపు వాటా 21, నీలపు వాటా 7 మాత్రమే. ఆకుపచ్చయు ఎరుపును కలిసినది పసుపు గనుక దాని వెలుగు 93 పాళ్ళు. అది తెలుపునకు దాదాపు తోబుట్టువు. అందుకే తెల్లకాగితముపై పసుపు అక్షరము కనబడదు. అక్షరపు వెలుగునకును నేలరంగు వెలుగునకును గల నిష్పత్తిని లెక్కించు పద్ధతిని డబ్ల్యు త్రీ సీ అను అంతర్జాల ప్రమాణముల సంస్థ స్థిరపరచి, చిన్న అక్షరములకు నిష్పత్తి నాలుగున్నరకు తగ్గరాదని 2008లో ప్రకటించెను. తెలుపుపై నలుపునకు ఇది 21. తెలుపుపై పసుపునకు ఒకటికి కొంచెము పైన మాత్రమే. ముదురు ఆకుపచ్చపై ఎర్రని అక్షరమునకును ఇది చాల తక్కువ. రెండును ఎంత మెరిసినను చదువుటకు పనికిరావు. ఇది తెరకు చెప్పిన లెక్కయైనను కాగితమునకును మంచి దారి చూపును.

పసుపు నేలపై కుంకుమ అక్షరములు మనకు శుభప్రదములు. అచ్చమైన ఎరుపును పెట్టినచో నిష్పత్తి 3.7 మాత్రమే వచ్చును. ఆ ఎరుపు దీపమును 255 నుండి 128కి దించి చిక్కని కుంకుమగా చేసినచో పదిని దాటును. ఆచారము చెడలేదు, అక్షరము బ్రతికినది. నాబోటి అరువది దాటినవారి కన్నులకు ఇది విలాసము కాదు. వయస్సుతో కంటిలోని కటకము పసుపువన్నెకు తిరుగును. నీలము, ఊదా మసకబారును. పిల్లవాని కంటికి చక్కగా కనబడునది తాతకంటికి కనబడకపోవుటకు కారణమిదియే.

పురుషులలో కొందరికి పుట్టుకనుండియే ఎరుపునకును ఆకుపచ్చకును భేదము సరిగా తెలియదు. స్త్రీలలో ఇది అరుదు. అట్టివారిని దృష్టిలో నుంచుకొనియే ఆహారపు పొట్లములమీది గుర్తును సవరించిరి. శాకాహారమునకు ఆకుపచ్చ వలయము, మాంసాహారమునకు గోధుమవన్నె వలయము ఉండెడివి. భారత ఆహార భద్రతా సంస్థ 2020 నాటి నిబంధనలలో రెండవదానిని త్రిభుజముగా మార్చెను. రంగు తెలియనివాడు ఆకారమునుబట్టి తెలిసికొనును.

మన రైతులకు ఇంతకంటె ముఖ్యమైన నిదర్శనము పురుగుమందు డబ్బామీద కలదు. కంది, పత్తి, కూరగాయలు పండించు ఇండ్లలో ఆ డబ్బా లేని ఇల్లు అరుదు. మూలమీద నిలిపిన చతురస్రమును రెండు త్రిభుజములుగా విభజించి, క్రింది భాగములో రంగు పెట్టుదురు. 1971 నాటి నియమముల ప్రకారము ఎరుపు అత్యంత తీవ్రమైన విషము, పసుపు దాని తరువాతిది, నీలము మధ్యమము, ఆకుపచ్చ స్వల్పము. ఆకుపచ్చ అనగా నిరపాయమని అర్థము కాదు; దానిమీదను జాగ్రత్త అను హెచ్చరిక కలదు. ఎరుపు గుర్తుపై పుర్రెయు, ఎముకలును, విషమను మాటయు ఉండును. చూడుడు: ప్రాణము పోవు చోట రంగునొక్కదానిని నమ్ముకొనక, రంగునకు తోడు బొమ్మను, బొమ్మకు తోడు మాటను నిలిపిరి. గ్రామములో మీరు వ్రాయించు హెచ్చరికపలకకు, బోరుబావి దగ్గరిదైనను, విద్యుత్తు స్తంభము దగ్గరిదైనను, ఇదే నీతి.

ఎన్ని రంగులు వాడవలెనను ప్రశ్నకు సిద్దిపేట జిల్లాలోని చేర్యాల నకాషీ చిత్రకారులు ఉత్తరము చెప్పియున్నారు. వారి పటములు కథకులు ఊరూర విప్పి చూపుటకు వ్రాసినవి. దూరమున కూర్చున్నవానికిని కథ తెలియవలెను. నేల అంతయు ఎరుపు. దేవతలకు నీలము, దేవేరులకు పసుపు, రాక్షసులకు ముదురు రంగులు. రంగులు కొన్నియే, కాని ప్రతిదానికిని ఒక ఉద్యోగము కలదు. కంప్యూటరులో కోటిన్నర రంగులున్నవని అన్నింటిని పిలువనక్కరలేదు. నేలకు ఒకటి, అక్షరమునకు ఒకటి, ముఖ్యమైన ఒక్క మాటకు మూడవది: ఒక పత్రికకు ఇంతమాత్రము చాలును. అక్షరముల వెనుక పూలతీగలు, దేవతల పటములు, ఒక రంగునుండి మరియొక రంగునకు జారు నేల పెట్టినచో, ఒకే పంక్తిలో సగము మాటలు కనబడి సగము మునిగిపోవును.

ఇక దుకాణమునకు పోయినప్పుడు అడుగవలసినవి చెప్పి ముగించెదను. పని మొదటనే నాలుగు సిరాల పద్ధతిలో కట్టుమనుడు. చిన్న అక్షరములను నలుపు సిరా ఒక్కదానితోనే అచ్చువేయుమనుడు. నాలుగు సిరాలు కలిపి నలుపు చేసినచో, సిరాలు వెంట్రుకవాసి జరిగినను అక్షరపు అంచు అలుకుకొనిపోవును. ఏ కాగితముమీద అచ్చు పడునో ఆ కాగితముమీదనే, ఆ యంత్రముమీదనే ఒక్క ప్రతి తీయించి, ఆరుబయట పగటివెలుగులో చూడుడు. తక్కిన ప్రతులన్నిటి ఖర్చుతో పోల్చినచో ఆ ఒక్క ప్రతి ఖర్చు ఎంత? వేరు పెద్ద యంత్రమున అచ్చువేయునట్లైన, ఆ యంత్రపు నమూనా ఎట్లు చూపుదురో బయానాకు ముందే అడుగుడు. ఫ్లెక్సీ ఎండలో చాలకాలము నిలువవలసినదైనచో ఎరుపు, పసుపు ముందుగా వెలిసిపోవునని తెలిసి, ముఖ్యమైన మాటను నలుపుతోనో ముదురు నీలముతోనో వ్రాయించుడు.

కడపటి పరీక్షకు యంత్రమక్కరలేదు. ఆ ప్రతిని గోడకు అంటించి పది అడుగుల దూరమున నిలువుడు. ఇంటిలో అందరికంటె కంటిచూపు తక్కువైన పెద్దను పిలిచి, ముహూర్తము ఏ దినమో, ఏ గడియకో చదువుమనుడు. ఆమె తడబడక చదివినచో "సరే" అనుడు. చదువలేకపోయినచో, తెరమీద ఎంత అందముగా వెలిగినను ఆ రంగును మార్పింపుడు.